బీరువాల్లోంచి పాత చీరలు తీస్తున్న పిల్లలకి

అందరికీ నమస్కారం. చెన్నైలో తెలుగువాళ్ళ సభ అంటే ముందు వరుసల్లో ఎప్పుడూ మా వయసు వాళ్ళమే ఉంటాం. ఇవాళ హాలంతా మీరే ఉన్నారు, అదీ బుట్ట చేతుల జాకెట్లతో, లంగా వోణీలతో, బొడ్డు పైదాకా వచ్చే వదులు ప్యాంట్లతో, మద్రాస్ గళ్ళ చొక్కాలతో. ఇందాక బయట కాఫీ తాగుతుంటే ఒక పెద్దాయన "మేం వదిలేసినవన్నీ వీళ్ళు ఏరుకుంటున్నారు" అన్నారు. అవును, ఏరుకుంటున్నారు. అది చాలా మంచి పని అని చెప్పడానికే నేను వచ్చాను. కాకపోతే పాతదాని పోలిక ఉంటే చాలనుకోకండి, పాతదాన్నే పట్టుకోండి, దాన్ని చేసిన చేతుల దాకా వెళ్ళండి. ఇవాళ నేను చెప్పేదంతా ఇదే.

ఈ ఊరికి ఇది కొత్తేమీ కాదు. రుక్మిణీదేవి అరుండేల్ గారు ఇక్కడ కళాక్షేత్ర అనే నాట్య, సంగీత విద్యాలయం మొదలుపెట్టింది 1936లో, అప్పటికి ఆవిడ వయసు 31 ఏళ్ళు. నాట్యానికి ఆవిడ ఏం చేశారో అందరూ చెప్తారు, చీరల సంగతి మాత్రం అంతగా ఎవరూ ఎత్తరు. జనం వదిలేస్తూ వచ్చిన పాత కాంచీపురం అంచులు, గళ్ళు, గోపురాల అంచు, ఒకదానికొకటి పొంతన లేనట్టుండి కట్టుకుంటే వెలిగిపోయే రంగులు, ఇవన్నీ మళ్ళీ వెతికి, కళాక్షేత్రలోనే మగ్గాలు పెట్టించి నేయించారు. ఇవాళ టి.నగర్‌లో చీరల దుకాణానికి వెళ్ళి కళాక్షేత్ర చీర అని అడగండి, వెడల్పు అంచు చీర తీసి ముందు పరుస్తారు. అంటే మీరు చేస్తున్న పని మీ కంటే ఎంతో ముందే ఇక్కడ ఒకావిడ చేసి చూపించారు, మగ్గం దాకా వెళ్ళి మరీ.

ఇప్పుడు పట్టు చీరల గురించి, నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం చెప్తాను. పాత పట్టు చీరలు కొంటాం అనే బోర్డులు ఈ ఊళ్ళో మీరు చూసే ఉంటారు. ఆ చీరలు ఎవరో మళ్ళీ కట్టుకోవడానికి కొంటున్నారని చాలామంది అనుకుంటారు. ఎక్కువగా జరీ కోసం కొంటారు. అసలు జరీ అంటే ఎర్రటి పట్టు దారం చుట్టూ సన్నని వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసింది. దాన్ని కాలిస్తే పట్టు బూడిదవుతుంది, వెండి మిగులుతుంది. ఎన్ని వేల ఇళ్ళలో అమ్మమ్మల పెళ్ళి చీరలు అలా పోయాయో! ఇంట్లో ఎవరూ కట్టుకోవడం లేదు, బీరువాలో చోటు లేదు, ఎంతో కొంత డబ్బు వస్తుంది కదా అని ఇచ్చేశారు. వాళ్ళని నేను తప్పు పట్టను, అప్పుడు అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడు మీరు అడుగుతున్నారు. "అమ్మా, ఆ వంకాయరంగు చీర ఇవ్వవూ" అని ఒక పిల్ల అడిగిందంటే ఒక చీర కొలిమికి పోకుండా ఆగినట్టే. ఆ చీర మీద మీరు డెనిమ్ జాకెట్ వేసుకోండి, కాళ్ళకి బూట్లు వేసుకోండి, ఎవరేమన్నా పట్టించుకోకండి, చీర బతికింది.

మా అమ్మ 1974లో కుట్టించుకున్న జాకెట్టు ఒకటి తెచ్చాను. పైకి చూడటానికి మామూలు నూలు జాకెట్టే. లోపలికి తిప్పి చూడండి. రెండు పక్కలా ఒకటిన్నర అంగుళం బట్ట లోపలికి వదిలేశారు, దాని మీద పక్కపక్కనే మూడు వరుసల కుట్లున్నాయి. ఒళ్ళు వస్తే ఒక వరుస విప్పుకోవడం, తగ్గితే మళ్ళీ వేసుకోవడం. చంక దగ్గర చెమటకి ముందు చిరిగేది అక్కడే కాబట్టి లోపల ఇంకో ముక్క వేశారు. కాజాలు చేత్తో కుట్టినవి, దారం ఇప్పటికీ ఊడలేదు. ఈ జాకెట్టుని అమ్మ తొడుక్కుంది, మా పిన్ని తొడుక్కుంది, ఇప్పుడు మా అమ్మాయి తొడుక్కుంటోంది. ముగ్గురి ఒళ్ళూ వేరు వేరు. మీరు ఆన్‌లైన్‌లో కొన్న బుట్ట చేతుల జాకెట్టుని కూడా ఇంటికెళ్ళి లోపలికి తిప్పి చూడండి, పావు అంగుళం కూడా ఉండదు. బుట్ట చేతులు మళ్ళీ వచ్చాయి, ఈ మార్జిన్ ఇంకా రాలేదు. ఎగ్మోర్ పాంథియన్ రోడ్డులో మీటర్ల లెక్కన బట్ట కొనుక్కోండి, మీ వీధి చివర మిషను పెట్టుకున్న మాస్టరుకి ఇవ్వండి, మార్జిన్ వదలమని నోరు తెరిచి అడగండి. అడిగితే వదులుతారు. కాస్త బట్ట ఎక్కువ పడుతుంది, అంతే.

మా తరంలో కొంతమంది ఆ రోజుల్లో అన్నీ నూలూ పట్టూ అన్నట్టు మాట్లాడతారు, అది నిజం కాదు. 1970లలో నైలాన్ చీరంటే ఎంత మోజో మాకు తెలుసు. గంజి పెట్టక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు, రాత్రి ఉతికి ఆరేస్తే తెల్లారేసరికి ఆరిపోతుంది, పొద్దున్నే లోకల్ ట్రైన్ పట్టుకుని ఆఫీసుకి పరుగెత్తే ఆడమనిషికి అది ఎంత సుఖమో ఆలోచించండి. మగవాళ్ళకి టెరికాటన్ ప్యాంటు అంతే. వాణిశ్రీ గారి ముడి చూసి ఊళ్ళకి ఊళ్ళు అలా ముడి వేసుకున్న కాలం అది. వాళ్ళు కూడా అప్పటికి కొత్తదాని వెంటే పడ్డారు, మీలాగే. కాబట్టి మా కాలంలో ఇలా కట్టేవాళ్ళం కాదు అని మీకు ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి.

అబ్బాయిలూ, మీ గళ్ళ చొక్కాల గురించి కూడా చెప్పాలి. మద్రాసు నుంచి ఓడలెక్కిన ఈ గళ్ళ బట్ట నేసిన చేతుల్లో మన చీరాల వైపు తెలుగు నేతగాళ్ళవి ఎన్నో. రుమాళ్ళ పేరుతో ఆ బట్ట పశ్చిమ ఆఫ్రికాకి వెళ్ళేది, నైజీరియాలో కలబరి అనే తెగవాళ్ళకి పుట్టుక నుంచి చావు దాకా ఈ గళ్ళ బట్ట లేకుండా జరగదు. 1960లలో అమెరికా కాలేజీ కుర్రాళ్ళు ఇదే బట్ట మీద ఎగబడ్డారు. ఉతికితే రంగు కారేది. అమ్మేవాళ్ళు దాన్నే గొప్పగా చెప్పుకున్నారు, ప్రతి ఉతుకుకీ మీ చొక్కా ఇంకో చొక్కా అవుతుంది అని. మీరు కొనేటప్పుడు ఒక్కటి చూడండి. రంగు దారాలతో నేసిన గళ్ళయితే లోపలా బయటా ఒకేలా కనిపిస్తాయి. వెనకవైపు వెలిసినట్టుంటే అది అచ్చు వేసిన బట్ట.

చీరలో ఈ మోసం ఇంకా పెద్దది. అంచునీ మధ్య భాగాన్నీ కలుపుతూ నేసే కాంచీపురం కొర్వై చీరకి అంచుకి వేరే పేక, అంటే అడ్డదారం, మధ్య భాగానికి వేరే పేక. ఆ దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్ళే నాడెలు మూడు నడవాలి, నేసే మనిషి పక్కన ఇంకొకరు కూర్చుని అంచు నాడె అందించాలి. ఇద్దరు మనుషుల పని అది. మిషను మీద తీసిన చీరకి పాతకాలం కంచి అని పేరు పెట్టి అమ్ముతుంటే, ఆ రెండో మనిషికి కూలి ఎక్కడి నుంచి వస్తుంది? సిల్క్ మార్క్ ఉంది కదా అంటారు. అది పట్టు అసలుదని చెప్తుంది, చేనేతో కాదో చెప్పదు. చేనేత గుర్తు వేరే ఉంటుంది, అడిగి చూడండి. 1935 నుంచి ఉన్న తమిళనాడు చేనేత సహకార సంస్థ కో-ఆప్‌టెక్స్ ఎగ్మోర్‌లోనే ఉంది, కొనకపోయినా ఒకసారి వెళ్ళి అంచు తిరగేసి చూసి రండి, కళ్ళకి అలవాటవుతుంది. కొత్తది కొనడానికి డబ్బు లేకపోతే కొనకండి, ఇంట్లో ఉన్నది కట్టుకోండి.

ఇంట్లో ఉన్నది దక్కాలంటే మడత మార్చాలి. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే జరీ అక్కడే తెగిపోతుంది. రెండు మూడు నెలలకోసారి విప్పి, నీడలో గాలికి ఆరేసి, వేరే చోట మడత వేసి, పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ కవర్లు వద్దు, కలరా ఉండలు జరీకి తగలనివ్వొద్దు. చిన్న చిరుగైతే రఫూ చేయించండి. మరీ నలిగిపోతే అంచు విప్పి కొత్త లంగాకి వేయించుకోవచ్చు.

వెనక వరుసలో ఉన్న అమ్మలకి ఒక మాట. చీర అమ్మేసే ముందు ఇంట్లో పిల్లని ఒక్కసారి అడగండి. కోడలైనా సరే, చెల్లెలి కూతురైనా సరే.

ప్రశ్నలు తర్వాత తీసుకుంటాను. మైలాపూర్ నుంచి మాస్టరు గారు వచ్చి ఆ కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చున్నారు. సరిచేయించుకోవడానికి జాకెట్లు తెచ్చినవాళ్ళు ముందు ఆయన దగ్గరికి వెళ్ళండి, ఆరున్నరకల్లా ఆయన షాపు తెరవాలి.