ఫోన్-ఇన్: “అమ్మ ఆయాసం వయసు వల్లేనా?”

యాంకర్: ఉప్పల్ నుంచి లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. మా అమ్మకి 72 ఏళ్లు. గుండె నుంచి రక్తం బయటికెళ్లే అయార్టిక్ వాల్వ్ సన్నబడిందని ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో వచ్చింది. మోడరేటే, అంటే మధ్యస్థమే, ఏడాది తర్వాత రమ్మన్నారు. కానీ మెట్లెక్కితే ఆయాసపడుతోంది. అందరూ వయసు కదా అంటున్నారు.

డాక్టర్: రిపోర్టు దగ్గరుందా? వాల్వ్ ఏరియా, మీన్ గ్రేడియెంట్, అంటే వాల్వ్‌కి ఇటూ అటూ ఉన్న ఒత్తిడి తేడా, చదవండి.

కాలర్: ఏరియా 0.8. గ్రేడియెంట్ 31. ఈఎఫ్ 60.

డాక్టర్: ఏరియా 1 చదరపు సెంటీమీటరుకి మించకపోతే తీవ్రం అంటాం. గ్రేడియెంట్ 40కి చేరితే తీవ్రం. అమ్మగారి రిపోర్టులో ఒక అంకె తీవ్రమంటోంది, ఇంకొకటి కాదంటోంది. గ్రేడియెంట్ ఒక్కటే చూసి ఊరుకోకూడదు. ఈ జబ్బులో చాలామంది ఆడవాళ్లకి గుండె గది చిన్నగా ఉండి గోడలు మందమవుతాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ బయటికి వచ్చే రక్తం తక్కువ. అంత తక్కువ రక్తం వెళ్తుంటే గ్రేడియెంట్ కూడా తక్కువే చూపిస్తుంది, ఈఎఫ్, అంటే గుండె పంపింగ్ శాతం, 60 ఉన్నా సరే. అమ్మగారు సన్నగా, పొట్టిగా ఉంటారా?

కాలర్: అవును మేడమ్, 45 కిలోలే.

డాక్టర్: అలాగైతే 0.8 కూడా ఆవిడ ఒంటికి నిజంగా మోడరేటే కావచ్చు. అందుకే తేల్చుకోవాలి. సీటీలో వాల్వ్ కాల్షియం స్కోర్ చేయమని అడగండి, దానికి రంగు ఇంజెక్షన్ అక్కర్లేదు. మగవాళ్లకి 2000 దాటితే జబ్బు తీవ్రమై ఉండొచ్చంటాం, ఆడవాళ్లకి 1200 చాలు. ఆడవాళ్ల వాల్వ్‌లో కాల్షియం తక్కువున్నా, పీచులాంటి పదార్థం పేరుకుని బిగుసుకుపోతుంది. రేపు మీకు 1400 వచ్చిందనుకోండి, “2000 రాలేదుగా” అని ఎవరన్నా ఒప్పుకోకండి. అమ్మకి ఫోన్ ఇస్తారా?

తల్లి: నమస్తే డాక్టరమ్మా.

డాక్టర్: అమ్మా, పోయినేడు చేసి ఈ ఏడు మానేసిన పనులేమైనా ఉన్నాయా?

తల్లి: మేడ మీద బట్టలు ఆరేయడం మానేశా. బతుకమ్మ కూడా రెండు చుట్లు తిరిగి కూర్చున్నా. ఛాతీలో నొప్పి మాత్రం లేదమ్మా.

డాక్టర్: నొప్పి ఉండాలనేం లేదమ్మా. మీరు బట్టలు ఆరేయడం మానేయడమే లక్షణం. “ఆయాసం ఉందా” అని అడిగితే లేదంటారు, ఎందుకంటే ఆయాసం వచ్చే పనే చేయడం లేదు. దీని గురించి నాకు చాలా బాధగా ఉంటుంది. ఎన్నో దేశాల్లో చూశారు, ఆడవాళ్లు వాల్వ్ చికిత్సకి ఆలస్యంగా వస్తున్నారు, అప్పటికే జబ్బు ముదిరిపోతోంది. కళ్లు తిరిగి పడిపోతే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి రావాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

కాలర్: మేడమ్, ఆపరేషన్ అంటే భయంగా ఉంది.

డాక్టర్: తీవ్రమని తేలితేనే ఆ మాట. తొడ దగ్గరి రక్తనాళం నుంచి వాల్వ్ పెట్టే టావీ ఉంది. యూరప్‌లో రీయా అనే ట్రయల్‌లో 443 మంది ఆడవాళ్లనే తీసుకుని టావీనీ, ఛాతీ కోసి చేసే ఆపరేషన్‌నీ పోల్చారు. ఏడాదిలో మరణం, స్ట్రోక్, మళ్లీ ఆస్పత్రిలో చేరడం, ఈ మూడూ కలిపితే ఛాతీ కోసిన ఆపరేషన్ వాళ్లలో 15.6 శాతం, టావీ వాళ్లలో 8.9 శాతం. తేడా ఎక్కువగా మళ్లీ చేరడంలోనే వచ్చింది. టావీ ఖర్చు బాగా ఎక్కువ, అమ్మకి కుదురుతుందో లేదో సీటీ చూశాకే తెలుస్తుంది. భయంతో ఏడాది మాత్రం వదలకండి.

యాంకర్: ఫలక్‌నుమా నుంచి ఇంకో కాల్.

కాలర్: మేడమ్, నాకు 27 ఏళ్లు. రుమాటిక్ జబ్బుతో గుండె వాల్వ్ పాడైతే మెటల్ వాల్వ్ వేశారు. పిల్లలు కావాలనుకుంటున్నాం. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఎసిట్రోమ్ ఆపేయమని మా అత్తమ్మ అంటోంది.

డాక్టర్: ఒక్క పూట కూడా మీ అంతట మీరు ఆపకండి. వాల్వ్ మీద రక్తం గడ్డ కడితే ప్రాణానికే ముప్పు. ఆ మందు బిడ్డకి హాని చేసే మాటా నిజమే, ముఖ్యంగా ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా. అందుకే గర్భం రాకముందే గుండె డాక్టరూ, గైనకాలజిస్టూ కలిసి ప్లాన్ వేయాలి. మోతాదు బట్టి కొందరికి అదే మందు ఉంచుతాం, కొందరికి ఆ వారాల్లో ఇంజెక్షన్లకి మారుస్తాం. మీ ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్ష, చివరిగా ఎప్పుడు చూపించారు?

కాలర్: మూడు నెలలైంది మేడమ్.

డాక్టర్: రేపు పొద్దున్నే చేయించండి. మీ అత్తమ్మని కూడా వెంట తీసుకెళ్లండి, డాక్టర్ చెప్పేది ఆవిడ కూడా వినాలి.