ముసురు పట్టిన రోజున తోటకు

అందరికీ నమస్కారం.

తోటల గురించి మాట్లాడమని పిలిచినప్పుడు నిర్వాహకుల మనసులో వసంతం ఉందని నాకు తెలుసు. పూలు, తుమ్మెదలు, ఎండ. నేను డిసెంబరు గురించి మాట్లాడతానన్నాను. అందులోనూ వాన పడుతున్న డిసెంబరు అన్నాను. ఫోన్‌లో అవతలివైపు కాసేపు మాట లేదు.

వాళ్లను తప్పుపట్టను. మొదటిసారి నేను కూడా ఇష్టపడి వెళ్లలేదు. ఉత్తర యూరప్‌లో ఓ పెద్ద తోట అది. టికెట్లు ముందే కొనేశాం, డబ్బు వెనక్కి రాదు. తెల్లారినప్పటి నుంచి ముసురు. గేటు దగ్గరున్న అమ్మాయి మా వంక జాలిగా చూసి ఒక మ్యాపు చేతిలో పెట్టింది. ఐదు నిమిషాల్లో అది గుజ్జయిపోయింది. ఇక దారి తెలియదు కాబట్టి తొందరా లేదు. గంటలో వచ్చేద్దామనుకున్నవాళ్లం నాలుగు గంటలు ఉండిపోయాం. తర్వాత అదే తోటకు మంచి ఎండరోజున వెళ్లాను. బాగుంది. కానీ అంత కనిపించలేదు.

ఎందుకు కనిపించలేదో ముందు చెట్లతో మొదలుపెట్టి చెబుతాను.

ఏటి ఒడ్డున గులకరాళ్లు ఏరిన వాళ్లందరికీ ఇది తెలుసు. నీళ్లలో ఎర్రగా, నల్లగా మెరిసిన రాయి ఇంటికొచ్చి ఆరేసరికి బూడిదరంగుకి దిగిపోతుంది. గరుకుగా, పొడిగా ఉన్న పైభాగం వెలుతురును అన్నివైపులా చెదరగొడుతుంది. దాంతో అసలు రంగు మీద తెల్లటి పొర కప్పినట్టు అనిపిస్తుంది. నీరు ఆ గరుకును పూడ్చేస్తే రంగు ముదురుతుంది. చెట్టు బెరడుకీ ఇదే వర్తిస్తుంది. వేసవిలో బెరడును ఎవరూ చూడరు, ఆకులు చూడనివ్వవు. చలికాలంలో ఆకులు తప్పుకుంటాయి, మిగతా పని వాన చేస్తుంది. పేపర్‌బార్క్ మేపుల్ అని చైనా నుంచి వచ్చిన చిన్న చెట్టు ఒకటుంది. ఎర్నెస్ట్ విల్సన్ అనే మొక్కల అన్వేషకుడు 1901లో దాన్ని పడమటి తోటలకు చేర్చాడు. దాల్చినచెక్క రంగు బెరడు పల్చటి పొరలుగా లేచి, చుట్టలు చుట్టుకుని ఉంటుంది. తడిసినప్పుడు దాన్ని చూస్తే లోపల ఎవరో దీపం పెట్టారా అనిపిస్తుంది.

ఎర్రటి కొమ్మల డాగ్‌వుడ్ పొదలు కూడా అంతే. వేసవిలో పక్కనుంచి నడిచి వెళ్లిపోతాం, పేరు కూడా అడగం. ఆకులు రాలాక రక్తం రంగులో, నారింజ రంగులో నిలబడతాయి. లేత కొమ్మలకే ఆ రంగు. అందుకే తోటమాలులు చలి ముగిసే వేళకి వాటిని మొదలంటా నరికేస్తారు, వచ్చే చలికాలానికి కొత్త కొమ్మలు కావాలి కదా. ఆ నరకడం మొదటిసారి చూసినవాళ్లకి ప్రాణం ఉసూరుమంటుంది. కంగారు పడకండి.

హిమాలయాల భూర్జవృక్షం దగ్గర కాసేపు ఆగుతాను. మన పాత కథల్లో భూర్జపత్రం అన్న మాట వింటూ పెరిగాం కదా, పత్రం అంటే ఆకే అనుకున్నాను చాలాకాలం. కాదు, బెరడు పొర. దక్షిణాదిన తాటాకు చేసిన పనే ఉత్తరాన ఈ బెరడు చేసింది. సున్నా గుర్తు కనిపించే బక్షాలీ అనే పాత గణిత రాతప్రతి దీనిమీద రాసిందే. చెట్టు శాస్త్రనామం బెటులా యూటిలిస్, యూటిలిస్ అంటే ఉపయోగపడేది. ఆ బెరడులో బెటులిన్ అనే పదార్థం ఉంటుంది, తెల్లదనం దానిదే. నీరు పడితే జారిపోతుంది. మా మ్యాపుని ఈ కాగితం మీద అచ్చువేసి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆ చెట్టును చల్లటి దేశాల తోటల్లో కేవలం తెల్లటి కాండం కోసం పెంచుతున్నారు. ఆ తెలుపు మీద పాచి పట్టి పచ్చబడితే తోటమాలులు బకెట్టు, మెత్తటి బ్రష్షు పట్టుకుని చెట్లకు తలంటుపోస్తారు. నిజంగానే.

ఇక లైకెన్లు. రాళ్ల మీద, కొమ్మల మీద బూడిదరంగు మచ్చల్లా ఉంటాయి, చూసే ఉంటారు. ఒక శిలీంధ్రం, ఒక శైవలం (నాచులాంటిది) కలిసి కాపురం చేస్తే లైకెన్. స్విట్జర్లాండ్‌కి చెందిన సైమన్ ష్వెండెనర్ 1860ల చివర్లో ఈ మాట అంటే పెద్ద పెద్ద పండితులు వెక్కిరించారు. ఎండలో అది చచ్చినట్టే ఉంటుంది. వాన పడగానే పైపొర పారదర్శకమై లోపలి శైవలపు ఆకుపచ్చ బయటికి కనిపిస్తుంది. అప్పుడే దాని వంట కూడా మొదలవుతుంది, అంటే కిరణజన్య సంయోగక్రియ. కొమ్మ మీద ఎండుమచ్చ మీ కళ్లముందే పచ్చబడటం చూడాలంటే వాన మొదలయ్యే వేళకి అక్కడ ఉండాలి. నాకైతే ఏ పువ్వు విచ్చుకోవడం కన్నా ఇదే ఎక్కువ ఆశ్చర్యం.

వాసనల సంగతి. మనకు వాన వాసన అంటే తొలకరి మట్టివాసన. ఎండిన నేల మీద పడిన వానకే అది, దానికి పెట్రికోర్ అని 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. వారాల తరబడి నానిన నేలలో అంత ఘాటు ఉండదు. అయితే వాన కాస్త తెరిపిచ్చినప్పుడు ఎక్కడినుంచో తియ్యటి పరిమళం వచ్చి ఆపేస్తుంది. చుట్టూ చూస్తే పూలు కనిపించవు. మోకాలెత్తు సార్కోకోకా పొదలో గింజంత తెల్లపూలు దాక్కుని ఉంటాయి. ఆ చలిలో తిరిగే పురుగులు తక్కువ, ఉన్న ఒకటీ అరా దూరంనుంచే పిలవాలంటే గొంతు పెద్దది కావాలి. చలికాలంలోనే పూసి పరిమళించే డాఫ్నే భోలువా అనే పొద కూడా భూర్జంలాగే హిమాలయాలదే, దాని బెరడుతో నేపాల్‌లో లోక్తా కాగితం చేస్తారు. మళ్లీ కాగితమే చూడండి! ఆ మ్యాపు నన్ను వదల్లేదు. విచ్ హేజెల్ పూలు పసుపు దారపు పోగుల్లా ఉంటాయి, గడ్డకట్టే చలికి చుట్టుకుపోయి, వెచ్చబడగానే మళ్లీ సాగుతాయి. ఒక మాట, ఇలాంటి పొదల కాయలు నోట్లో పెట్టకండి, పిల్లల్ని పెట్టనివ్వకండి. డాఫ్నే విషం.

సరే, పిట్టలు.

వానలో పిట్టలు ఉండవని ఒక నమ్మకం. జోరువానలో నిజమే, హాలీ, యూ, ఐవీ లాంటి పచ్చటి గుబుర్లలోకి దూరిపోతాయి. తుంపరలో మాత్రం తిరుగుతాయి, తిరగక తప్పదు. పగలు ఎనిమిది గంటలే ఉండే చోట రాత్రి పదహారు గంటలు పస్తుండాలి. గోల్డ్‌క్రెస్ట్ అని నెత్తిమీద పసుపు గీత ఉన్న పిట్ట ఒకటుంది. బరువు ఐదారు గ్రాములు. మనం ప్రింటర్‌లో పెట్టే ఏ4 కాగితం దాదాపు ఐదు గ్రాములు. ఆ ఒక్క కాగితమంత ప్రాణం అంత చలిరాత్రిని దాటాలంటే పగలంతా సూదాకుల చెట్లలో పురుగు గుడ్లు, సాలీళ్లు వెతుక్కుంటూనే ఉండాలి. మీరు మూడడుగుల దూరంలో నిలబడినా దానికి లెక్కలేదు, భయపడటానికి తీరిక లేదు. అందుకే వేసవిలో చెట్టు చిటారున కీచుమని మాత్రమే వినిపించేది డిసెంబరులో కళ్లెదురుగా దొరుకుతుంది.

పిట్ట తడవదా అని అడుగుతారు. తోక మొదట్లో చిన్న నూనె గ్రంథి ఉంటుంది, ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు రాసుకుంటుంది. నూనెకన్నా ముఖ్యం ఈక అల్లిక. సన్నటి పోగులు కొక్కేలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, చినుకు వాటి మీద గుండ్రంగా నిలిచి జారిపోతుంది. కూర్చునే తీరు చూడండి, వాతావరణం చెబుతుంది. పొడి చలిలో ఈకలు ఉబ్బించి బంతిలా ఉంటుంది. జోరువానలో ఈకలు ఒంటికి అదిమి, ముక్కు పైకెత్తి, నిటారుగా నిలబడుతుంది, నీరు వీపుమీదనుంచి కారిపోవాలని.

వానపాముకి ఆ పేరు మనవాళ్లు ఊరికే పెట్టలేదు. నేల నానగానే అవి పైకొస్తాయి. వాటి వెనకే నల్ల బ్లాక్‌బర్డ్‌లు, రొమ్ము ఎర్రటి రాబిన్‌లు. ఈ రాబిన్‌ని చూసి అందరూ ముద్దు చేస్తారు గానీ మహా కోపిష్టి. చలికాలంలో ఆడదీ మగదీ వేరువేరుగా చెరో జాగా పట్టుకుని, రెండూ పాడతాయి. మిగతా పిట్టలు చాలావరకు నోరు మూసుకున్న కాలంలో వినిపించే ఆ తియ్యటి పాటకు అర్థం ‘ఇది నాది, పో’ అని. డేవిడ్ లాక్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త పరిశీలనల్లో ఒట్టి ఎర్ర ఈకల కట్టను చూసి కూడా రాబిన్ పోట్లాటకు దిగింది. మనుషులతో మాత్రం దానికి పేచీ లేదు. తోటమాలి పార వేసిన చోటల్లా పక్కనే వాలుతుంది, మట్టి తిరగేసేది ఎవరైతేనేం.

హాలీ చెట్టు దగ్గర ఇంకో కాపలాదారు. మిసిల్ థ్రష్, పెద్ద చుక్కల పిట్ట. ఎర్రటి కాయలున్న చెట్టును తనదని ప్రకటించి వారాల తరబడి మిగతా పిట్టల్ని తరుముతుంది. ఈదురుగాలిలో కూడా చిటారు కొమ్మన పాడుతుందని ఇంగ్లిష్ పల్లెల్లో దాన్ని తుఫాను పుంజు అనేవారు. హాలీలో ఆడ చెట్లు, మగ చెట్లు వేరు, కాయలు ఆడ చెట్టుకే. ఇక్కడ నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ‘గోల్డెన్ కింగ్’ అనే రకం ఆడది, ‘సిల్వర్ క్వీన్’ మగది. రాణిగారిని కొని కాయల కోసం ఎదురుచూసినవాళ్లు ఎంతమందో!

వెళ్లేవాళ్లకి రెండు ముక్కలు. గొడుగు వద్దు. ఒక చెయ్యి పోతుంది, పైగా దానిమీద చినుకుల చప్పుడుకి పిట్ట గొంతు వినబడదు. రెయిన్‌కోటు టోపీ కూడా చెవులు మూసేస్తుంది. అంచున్న మామూలు టోపీ మేలు. బైనాక్యులర్స్ కోటు లోపల ఉంచండి, కానీ కళ్లకు పెట్టుకుని ఊపిరి పైకి వదలకండి, మసకబారతాయి. అన్నిటికన్నా ముఖ్యం, తోటంతా చూడాలనుకోవద్దు. దట్టమైన పచ్చటి చెట్టు ఒకటి చూసుకుని, దాని కింద ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడండి. మొదటి పది నిమిషాలు ఏమీ జరగదు. కాళ్లు చల్లబడతాయి, మనకిదేం ఖర్మ అనిపిస్తుంది. ఆ తర్వాత పిట్టలు మిమ్మల్ని చెట్టు లెక్కలో వేసుకుంటాయి.

లైట్లు కాస్త తగ్గిస్తే ఫొటోలు మొదలుపెడదాం. మొదటిది తడిసిన కెమెరాతో తీసింది. అందులో రాబిన్ ఎక్కడుందో నేనే చెప్పాల్సి ఉంటుంది.