చంటిబిడ్డ నోరు పూస్తే, తల్లికీ మందు

శ్రోతలకు నమస్కారం.

నిన్నటిదాకా గుటకలు వేస్తూ పాలు తాగిన రెండు నెలల బిడ్డ ఇవాళ రొమ్ము పట్టుకుంటాడు, వదిలేస్తాడు, ఏడుస్తాడు. నోట్లో చూస్తే బుగ్గల లోపల పెరుగు తరకల్లా తెల్లటి మచ్చలు. ఇంట్లో పెద్దావిడ చూసి "నోరు పూసిందే" అంటుంది. సరిగ్గానే పోల్చుకుంది. ఆ వెనక వచ్చే సలహాలతోనే అసలు చిక్కు.

ముందు అది పూతేనా అని చూసుకోండి. పాలు తాగే పిల్లల నాలుక ఎలాగూ కాస్త తెల్లగానే ఉంటుంది. చేతులు కడుక్కుని, ఉతికిన మెత్తటి గుడ్డను వేలికి చుట్టి, కాచి చల్లార్చిన నీళ్లలో తడిపి నాలుక మీద ఒక్కసారి మెల్లగా తుడవండి. పాలైతే గుడ్డకు వచ్చేస్తాయి. పూత అంత తేలిగ్గా రాదు. పట్టుబట్టి రుద్దితే కింద ఎర్రబారి నెత్తురు చెమ్మ కనిపిస్తుంది, కాబట్టి అంతటితో ఆపేయండి. పెదాల లోపల, బుగ్గల లోపల కూడా చూడండి.

ఇది కాండిడా అనే ఫంగస్ పని. మన ఒంట్లో మామూలుగా ఉండేదే. తల్లిగానీ బిడ్డగానీ యాంటీబయాటిక్స్ వాడినప్పుడు, తల్లికి షుగర్ అదుపులో లేనప్పుడు విజృంభిస్తుంది. అంతేగానీ బాలింత పథ్యం తప్పిందనో, ఏదో తినకూడనిది తిందనో కాదు. పాపం, నొప్పితో ఉన్న మనిషిని ఆడిపోసుకోవద్దు.

అవును, నొప్పి తల్లికీ ఉంటుంది. కొన్ని వారాలు హాయిగా పాలిచ్చిన తల్లికి ఉన్నట్టుండి రెండు చనుమొనల్లో మంట, దురద, పాలిచ్చాక కూడా పోట్లు మొదలైతే దీన్ని అనుమానించాలి. చర్మం నిగనిగలాడుతూ పొట్టు రాలవచ్చు. కాన్పైన మొదటి రోజు నుంచీ నొప్పి ఉంటే మాత్రం చాలావరకు బిడ్డ రొమ్ము సరిగా పట్టకపోవడమే కారణం. దానికి ఏ క్రీమూ పనిచేయదు, పట్టించే తీరు మార్చాలి.

ఫంగసే అని డాక్టరు తేల్చితే తల్లికీ బిడ్డకీ ఒకేసారి మందు వాడాలి. ఒక్కరికే వాడితే రెండోవారి నుంచి మళ్లీ అంటుకుంటుంది. బిడ్డకు మన దగ్గర క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ ఎక్కువగా రాస్తారు, నిస్టాటిన్ చుక్కలూ ఉన్నాయి. పాలు తాగాక వేయండి, ముందు వేస్తే పాలతో కడుక్కుపోతుంది. ఒక్కసారే గొంతులో పోయకుండా, రెండు బుగ్గల్లోనూ కొంచెం కొంచెం అంటించండి. మైకొనజోల్ జెల్ చిక్కగా ఉంటుంది. నాలుగు నెలలు నిండని పిల్లలకు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. తల్లికి రాసిన క్రీమ్ పాలిచ్చిన ప్రతిసారీ పల్చగా పూసుకుని, మళ్లీ పాలిచ్చే ముందు పైకి కనిపించేదాన్ని తుడిచేస్తే చాలు. మచ్చలు పోగానే ఆపేయకుండా, డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి. మెడికల్ షాపులో ఎవరో చెప్పారని దురద ట్యూబు కొనుక్కోకండి, వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది.

ఇక పూతకు తేనె, వెలిగారం రాయమనే సలహా సంగతి. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా నాకించకూడదు. బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. వెలిగారమైతే పసివాళ్లకు విషమే. తేనె, వెలిగారం కలిపిన మిశ్రమం అద్దిన పాల పీకలు చప్పరించిన ఏడుగురు పసిపిల్లలకు ఫిట్స్ వచ్చాయని 1983లోనే డాక్టర్లు రాశారు. ఊదారంగు జెన్షన్ వయొలెట్‌ను ఇదివరకు మన డాక్టర్లే పూసేవారు. క్యాన్సర్ అనుమానంతో కెనడా ఆరోగ్యశాఖ 2019లో దాని మీద హెచ్చరిక చేసింది. ఇప్పుడు వేరే మందులున్నాయి కదా, దాని జోలికెందుకు?

"తగ్గేదాకా డబ్బా పాలు పట్టు" అంటారు చూడండి, ఆ మాట వినకండి. తల్లిపాలు మానక్కర్లేదు. మరీ మంటగా ఉంటే పాలు చేత్తో పిండి, ఆ పూటే పట్టండి. ఆఫీసుకు వెళ్లే తల్లులు ఈ జబ్బు ఉన్న రోజుల్లో పిండిన పాలను ఫ్రీజర్‌లో దాచి, జబ్బు తగ్గాక పట్టడం మాత్రం వద్దు. గడ్డకట్టించినంత మాత్రాన ఈ ఫంగస్ చావదు. పాల పీకలు, బిడ్డ నోట్లో పెట్టుకునే బొమ్మలు రోజూ మరిగించండి. తల్లి లోదుస్తులు, తువ్వాళ్లు వేడినీళ్లతో ఉతికి ఎండలో ఆరేయండి.

వారం వాడినా తగ్గకపోతే, మళ్లీ మళ్లీ వస్తుంటే మళ్లీ చూపించండి. తల్లికి షుగర్ పరీక్ష కూడా అవసరం కావచ్చు. బిడ్డ పాలు బొత్తిగా మానేసినా, ఉచ్చ తగ్గినా, ఒళ్లు కాలుతున్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తల్లికి జ్వరంతో పాటు ఒక రొమ్ములో ఎర్రగా, వేడిగా గడ్డ తేలితే అది పూత కాదు, వేరే ఇన్ఫెక్షన్. దానికి వైద్యం వేరు, ఆలస్యం చేస్తే చీము పడుతుంది.

నమస్కారం.