నీళ్ళు తాగిన టూ స్ట్రోక్ ఇంజిన్: కేసు విప్పకుండా పని అవ్వదు

అందరికీ నమస్కారమండీ. మాట్లాడే ముందు ఒక చిన్న వస్తువు ఇస్తాను, ముందు వరసలో వాళ్ళు చేతిలోకి తీసుకుని చూసి వెనక్కి పంపండి. వేలంత కూడా లేని ఉక్కు పిన్ను అది. క్రాంక్‌లో, అంటే పిస్టన్ ఊపుని తిప్పుడుగా మార్చే ఇరుసులో, పిస్టన్‌ని దానికి కలిపే కనెక్టింగ్ రాడ్ కింది పెద్ద కన్ను దేని మీద తిరుగుతుందో ఆ పిన్ను. ఒకవైపు అద్దంలా మెరుస్తోంది కదా, తిప్పి రెండో వైపు చూడండి, అమ్మవారు పోసిన మొహం మీద మచ్చల్లా సన్న సన్న గుంటలు కనిపిస్తాయి. ఈరోజు నేను చెప్పేదంతా ఆ గుంటల గురించే.

ఆ పిన్ను నా బండిలోదే. నాలుగు చక్రాల ఆఫ్ రోడ్ బండి, టూ స్ట్రోక్, ఏళ్ళ తరబడి ఆరుబయట వానలో పడి ఉన్నది, స్పార్క్ ప్లగ్ ఎవరో తీసేసి ఆ కన్నం అలాగే వదిలేశారు. తెచ్చుకున్నాక హెడ్ విప్పితే సిలిండర్ ఎర్రగా తుప్పు, పిస్టన్ పట్టేసి ఉంది. సరే అని దాన్ని వదిలించి, బోరు కొట్టించి, కొత్త పిస్టన్, కొత్త రింగులు, కొత్త ప్యాకింగులు వేసి బిగించేశాను. కింద క్రాంక్ చేత్తో తిప్పితే తిరుగుతోంది, రాడ్ పైకీ కిందకీ లాగితే ఆడట్లేదు, ఇంకేం అనుకున్నా. బండి స్టార్ట్ అయింది, బాగానే లాగింది కూడా. కొన్ని గంటలు నడిచిందో లేదో కింద నుంచి టకటకమని శబ్దం, ఆపేలోపే ఆగిపోయింది. విప్పి చూస్తే పెద్ద కన్నులోని నీడిల్ బేరింగ్‌లో సూదుల్లాంటి రోలర్లని పట్టుకునే పంజరం విరిగి ముక్కలయింది, ఆ ముక్కలు ట్రాన్స్‌ఫర్ పోర్టుల గుండా, అంటే కింద నుంచి సిలిండర్లోకి గాలి వెళ్ళే దారుల గుండా, పైకెక్కి కొత్త పిస్టన్నీ కొత్తగా కొట్టించిన బోరునీ కొరికేశాయి. అంతా మళ్ళీ మొదటికొచ్చింది. అందుకే నీళ్ళు తాగిన టూ స్ట్రోక్ ఎవరు చూపించినా నా మాట ఒకటే, కేసు, అంటే క్రాంక్ ఉండే కింది పెట్టె, విప్పుదాం, ఆ తర్వాతే మిగతా మాట.

ఎందుకలా అంటే ఈ ఇంజిన్ పుట్టుకే అలాంటిది. 1891లో జోసెఫ్ డే అనే ఇంగ్లీషాయన చేసిన ఏర్పాటు ఏమిటంటే క్రాంక్‌కేసునే పంపులా వాడుకోవడం. పిస్టన్ పైకెళ్తే కింద పీల్చుకుంటుంది, దిగితే ఆ గాలీ పెట్రోలూ పైకి నెడుతుంది. అంటే కార్బొరేటర్ నుంచి లోపలికొచ్చే ప్రతి చుక్కా ముందు క్రాంక్ మీద నుంచే వెళ్ళాలి. ఫోర్ స్ట్రోక్‌లో అయితే కింద ఆయిల్ ఉంటుంది, బేరింగులు దాంట్లో తడుస్తుంటాయి, ఇక్కడ అది లేదు, పెట్రోల్లో కలిపి పోసిన ఆయిల్ పొరగా పట్టుకుని ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టే. మరి నీళ్ళు ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చినా, సైలెన్సర్ నుంచి వచ్చినా, నా బండిలోలా ప్లగ్ కన్నంలోంచి వచ్చినా చివరికి చేరేది ఎక్కడికి? పల్లం ఎక్కడుంటే అక్కడికి. పోర్టుల గుండా జారి క్రాంక్ కింద నిలుస్తాయి, అక్కడే మెయిన్ బేరింగుల కింది సగం ఉంటుంది. పూర్తిగా మునిగిన చోట కంటే నీటి మట్టం గాలిని తాకే గీత దగ్గర తుప్పు ఎక్కువ తినేస్తుంది, ఆక్సిజన్ అక్కడే బాగా అందుతుంది కాబట్టి. మీరు హెడ్ తీసి చూసే ఎరుపు కంటికి భయంకరంగా ఉంటుంది గానీ అది బాగు చేసుకోగలిగేదే. కింద చీకట్లో బాల్స్ నడిచే దారి మీద ఒక్క గుంట పడిందంటే దాన్ని ఏ మందూ పూడ్చలేదు, గట్టిపరిచిన ఉక్కు పైపొర అక్కడ పోయినట్టే, ఆ గుంట అంచు నుంచే పెచ్చులూడటం మొదలవుతుంది.

బండి ఈరోజే మునిగితే అది వేరే కథ, అది కూడా చెప్పేస్తా. వాగు దాటుతుంటే నీళ్ళు మింగి ఆగిపోయిందనుకోండి, దయచేసి కిక్ కొట్టకండి. నీళ్ళు గాలిలా నొక్కుకుపోవు, పిస్టన్ పైన నీళ్ళుండగా బలంగా తొక్కితే రాడ్ వంగే ప్రమాదం ఉంది. ముందు పెట్రోల్ కాక్ కట్టేసి, ప్లగ్ తీసి, బండి పల్టీ వేయగలిగితే వేసి నీళ్ళు వంచెయ్యండి, తర్వాత ప్లగ్ లేకుండానే మెల్లగా కిక్ కొట్టి ఊదించండి. కార్బొరేటర్ గిన్నె, ఎయిర్ బాక్స్, సైలెన్సర్ అన్నీ వంచాలి. గేర్ ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే అక్కడికీ నీళ్ళెళ్ళాయని అర్థం, అది ఒక్కసారి మారిస్తే చాలదు, రెండు మూడు సార్లు మార్చాలి. ఇదంతా ఆ రోజే చేసి, స్టార్ట్ చేసి, వేడెక్కించి ఆరబెడితే చాలా ఇంజిన్లు బతుకుతాయి. రేపు చూద్దాంలే అని షెడ్డులో పెడితేనే తుప్పుకి పని దొరుకుతుంది.

ఇక పాత ఇంజిన్లు, అంటే పట్టేసి ఉన్నవి. ఇక్కడ కావాల్సింది బలం కాదండీ, ఓపిక. ఇనుము తుప్పుగా మారితే ఉబ్బుతుంది, ముందున్న ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే రింగుకీ గోడకీ మధ్య ఆ సన్న సందులో మేకు కొట్టినట్టు బిగుసుకుంటుంది. నేను వాడేది అసిటోన్, ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ ఆయిల్, రెండూ సగం సగం. అవి కలిసి ఉండవు, విడిపోతుంటాయి, కాబట్టి పోసే ముందు ప్రతిసారీ బాగా ఊపాలి, ఇంకో మాట, అసిటోన్‌కి ఇట్టే మంటంటుకుంటుంది, దగ్గర్లో నిప్పు గానీ హీట్ గన్ గానీ ఉండకూడదు. ప్లగ్ కన్నంలోంచి కొంచెం, సైలెన్సర్ తీసి ఎగ్జాస్ట్ పోర్టులోంచి కొంచెం పోసి రోజుల తరబడి వదిలెయ్యండి, ఇంకిపోతే మళ్ళీ పొయ్యండి. తర్వాత మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు నట్టుకి పానా వేసి ఇటు వెంట్రుకవాసి అటు వెంట్రుకవాసి కదిలించి చూడాలి. కిక్ లివర్ మీదెక్కి తొక్కితే ముందు విరిగేది కిక్ గేర్లే. తప్పనిసరై కొట్టాల్సి వస్తే పిస్టన్ మీద బోరంత వెడల్పు కర్ర దిమ్మ పెట్టి కొట్టండి, ఇనుప కడ్డీ పెట్టి కొడితే పిస్టన్ నడినెత్తిన బొక్క పడుతుంది.

స్క్రూల దగ్గర కూడా చాలామంది ఓడిపోతారు. అల్యూమినియం కేసులో ఉక్కు స్క్రూ, మధ్యలో తడి, ఈ మూడూ కలిస్తే తెల్లటి పొడి పుట్టి మరని పట్టేస్తుంది. జపాన్ బండ్ల స్క్రూలు చూడటానికి మామూలు స్టార్ స్క్రూల్లాగే ఉంటాయి గానీ గాడి కొలత వేరు, దాన్ని జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) అంటారు, ఆ డ్రైవరే వాడండి, మామూలుది పెడితే జారి తల అరిగిపోతుంది. చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేసి, సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ వాడితే చాలా మటుకు వచ్చేస్తాయి. విప్పిన స్క్రూలన్నీ ఒకే డబ్బాలో పడెయ్యకండి, అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి ఏ స్క్రూ అక్కడే గుచ్చండి, వాటి పొడవులు వేరు, పొడవైనది పొట్టిదాని చోట పెట్టి బిగిస్తే లోపల కేసు పగులుతుంది.

సిలిండర్ సంగతి. ముందు అది ఏ రకమో తెలియాలి. ఇనుప లైనర్ అయితే లోపల గోడకి అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది, దాన్ని ఓవర్ సైజుకి బోరు కొట్టించుకోవచ్చు, 0.25, 0.50 మిల్లీమీటర్లు అలా పెంచుకుంటూ. నికాసిల్ పూత ఉన్నదైతే అది అల్యూమినియం మీద నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన సన్నని పొర, దాన్ని మామూలుగా బోరు కొట్టకూడదు, పూత దెబ్బతింటే పాతది తీయించి కొత్తది వేయించాలి. కొన్నిసార్లు దాని మీద కనిపించే ఎరుపు, తుప్పు పట్టిన పిస్టన్ రింగులు వదిలిన మరక మాత్రమే, తుడిస్తే పోతుంది, కంగారు పడకండి. ఇనుప బోరులో గోరు పెట్టి గీయండి, గోరు గుంటలో తగులుకుంటే హోనింగ్‌తో, అంటే పైపైన రాయితో రుద్దడంతో, పని కాదు. ఇంకోటి, ముందు పిస్టన్ కొనండి, దాన్ని మైక్రోమీటర్‌తో కొలిపించండి, ఆ పిస్టన్‌కి తగ్గట్టు బోరు కొట్టమనండి. బోరు కొట్టించేసి తర్వాత పిస్టన్ వెతుక్కోవడం తలకిందుల పని. కొట్టించాక పోర్టుల అంచులు కత్తిలా అవుతాయి, వాటిని సన్నగా గుండ్రం చెయ్యాలి, ఇది మర్చిపోతే రింగు వెళ్ళి పోర్టు అంచుకి తగులుకుని విరుగుతుంది. రింగు గ్యాప్‌కి ఒక అందాజు లెక్క ఉంది, అంగుళం బోరుకి 4 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 64 మిల్లీమీటర్ల బోరుకి సుమారు 0.25 మిల్లీమీటర్. అందాజే, అసలు అంకె మాన్యువల్‌లోది.

ఇప్పుడు కేసు. రెండు సగాల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి తెరవకండి, నేను బతిమాలుతున్నాను. ఆ అంచు మీద పడ్డ ఒక్క గీత చాలు గాలి లీకవ్వడానికి. కేసు స్ప్లిట్టర్ దొరుకుతుంది, తెచ్చుకోండి. తెరిచాక మెయిన్ బేరింగులు తిరుగుతున్నాయా లేదా అని చూడనే చూడను, రెండూ కొత్తవే వేస్తాను, ఆయిల్ సీళ్ళూ అంతే. కేసుని ఓవెన్‌లో 100 డిగ్రీల దాకా వేడి చేసి, బేరింగుని ముందు రాత్రే ఫ్రీజర్లో పెట్టి ఉంచితే ఆ బేరింగు దాదాపు దానంతటదే గూట్లో కూర్చుంటుంది, సుత్తి అవసరం రాదు. ఒకవేళ నొక్కాల్సొస్తే బయటి రింగు మీదే నొక్కాలి, లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బంతా బాల్స్ మీద పడి కొత్త బేరింగు కూడా మచ్చలతోనే మొదలవుతుంది.

క్రాంక్ విషయంలో నాకు మొహమాటం లేదు. చాలావరకు ఈ బండ్లలో క్రాంక్ ప్రెస్సులో నొక్కి కూర్చిన ముక్కలతో ఉంటుంది, అంటే విడదీసి కొత్త రాడ్, కొత్త పిన్ను, కొత్త నీడిల్ బేరింగ్, కొత్త వాషర్లు వేయించుకోవచ్చు. పైకీ కిందకీ ఆడకపోతే బాగున్నట్టే అని నేను నమ్మానే, అది అరుగుదలకి పరీక్ష అండీ, తుప్పుకి కాదు. తుప్పు గుంటలున్నా ఆట ఉండకపోవచ్చు, నా దాంట్లో లేదు. మళ్ళీ కూర్చాక డయల్ గేజ్ పెట్టి రెండు కొసలూ వంకర లేకుండా తిరుగుతున్నాయో లేదో చూసి సరిచెయ్యాలి, 0.05 మిల్లీమీటర్ అంటేనే ఎక్కువ అన్నట్టు చూసుకోండి. ప్రెస్సూ గేజూ ఉండి ఈ పని రోజూ చేసేవాళ్ళ చేతికే ఇవ్వండి, సుత్తితో అంచనాగా సరిచేసే చోటికి మాత్రం వద్దు.

తుప్పు తీసే ద్రావకాల గురించి ఒక్క మాట. వెనిగర్ ఉక్కు వస్తువులకి బాగానే పనిచేస్తుంది, కడిగిన వెంటనే ఆరబెట్టి ఆయిల్ రాయకపోతే కళ్ళముందే మళ్ళీ ఎర్రబడుతుంది. అల్యూమినియం కేసుల్ని, మెగ్నీషియం కవర్లని మాత్రం అందులో నానబెట్టకండి, ఆ లోహాల్నే తినేస్తుంది. వాషింగ్ సోడాతో కరెంటు పెట్టి తుప్పు తీసే పద్ధతి కూడా అల్యూమినియానికి పనికిరాదు.

క్లచ్‌లో ఉక్కు ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, పైపై తుప్పయితే ఎమరీ పేపర్‌తో గాజు పలక మీద రుద్దుకోవచ్చు. గేర్ల పళ్ళ మీద గుంటలుంటే ఆ గేరు మార్చాల్సిందే. మాగ్నెట్ లోపలి తుప్పు తుడిచి, కాయిల్ రెసిస్టెన్స్ మీటర్‌తో కొలవండి. కార్బొరేటర్‌లో స్లో జెట్ కన్నం మూసుకుపోయి ఉంటుంది, ఉక్కు తీగ పెట్టి పొడిస్తే కన్నం పెద్దదవుతుంది, నానబెట్టి గాలి కొట్టండి, పోకపోతే కొత్తది వెయ్యండి.

బిగించాక స్టార్ట్ చెయ్యాలని చేతులు దురద పెడతాయి, నాకు తెలుసు. ఆగండి. కార్బొరేటర్ వైపూ ఎగ్జాస్ట్ వైపూ రబ్బరు మూతలు బిగించి, చిన్న చేతి పంపుతో 6 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి పెట్టి వదిలెయ్యండి. కొన్ని నిమిషాలు నిలబడాలి. దిగిపోతుంటే సబ్బునీళ్ళు రాసి బుడగ ఎక్కడొస్తుందో చూడాలి, మాగ్నెట్ వైపు సీలు దగ్గర వస్తే మరీ ప్రమాదం, ఎందుకంటే అక్కడి నుంచి లోపలికి పోయే గాలి పెట్రోల్‌నీ దాంతోపాటు ఆయిల్‌నీ పలచన చేసి పిస్టన్‌ని కాల్చేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లాక్కుని తెల్లగా పొగ కక్కుతుంది. ఈ రెండోది కంటికి కనిపిస్తుంది, మొదటిది పిస్టన్ పట్టేసే దాకా తెలియదు.

పెట్రోల్లో ఆయిల్ ఎంత అంటే మాన్యువల్ చెప్పినంత. 32కి 1 అంటే 5 లీటర్లకి 156 మిల్లీలీటర్లు, కొలిచి పొయ్యండి. కొత్త ఇంజిన్ కదా అని గుప్పెడు ఎక్కువ పోస్తే మంచిదనుకుంటారు, ఆయిల్ పెరిగితే అదే జెట్టులోంచి వెళ్ళే పెట్రోల్ తగ్గుతుంది, మిశ్రమం పలచబడుతుంది. మొదటిసారి స్టార్ట్ చేశాక సిలిండర్ చెయ్యి పెట్టలేనంత వేడి అయ్యే వరకు నడిపి ఆపేసి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్ళీ స్టార్ట్ చేసి, ఇలా మూడుసార్లు చేశాకే బండెక్కండి.

ఆ పిన్ను చివరి వరసకి చేరినట్టుంది, ఇటు పంపండి. ఈ టేబుల్ మీదున్నది అదే బండి ఇంజిన్, రెండోసారి కేసు విప్పి కొత్త క్రాంక్, కొత్త బేరింగులు వేసి నిన్న రాత్రే బిగించాను, ఇంకా గాలి పరీక్ష చెయ్యలేదు. పంపు ఇదిగో, దగ్గరికి రండి, ఎవరైనా ఒకరు టైం చూడండి.