లీడర్‌షిప్ మైనర్ చేస్తే ఉద్యోగమొస్తుందా, అక్కా?

తమ్ముడు: అందరికీ నమస్తే. ఈసారి మనతో మా అక్క ఉంది, పెదనాన్న కూతురు. అమెరికాలో ఒక యూనివర్సిటీలో అకడమిక్ అడ్వైజర్. అంటే డిగ్రీ పిల్లలు ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు తీసుకోవాలి, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఏంటి, మైనర్ (దాని పక్కన చదివే చిన్న సబ్జెక్టు) ఏంటి, ఆ పంచాయితీ అంతా తనదే. థాంక్స్ అక్కా, వచ్చినందుకు.

అక్క: రాకపోతే వదిలేవాడివా నువ్వు?

తమ్ముడు: వదలను. సరే, సూటిగా అడిగేస్తా. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లాడు పక్కన లీడర్‌షిప్ స్టడీస్ మైనర్ పెట్టుకున్నాడనుకో. ఇంట్లో ఏమంటారు?

అక్క: మనవాళ్లయితే నాకు ఫోన్ చేస్తారు. "అమ్మా, మావాడు రాజకీయాల్లోకి పోతాడా ఏంటి?" అంటారొకరు. "అవేవో ఐదారు కోర్సులంట, వాటి బదులు మ్యాథ్స్ మైనర్ చేయమని మీరన్నా చెప్పండి" అంటారు ఇంకొకరు. పిల్లాడు ఒప్పుకోకుండా వాడి మార్కులు నేను వాళ్లకి మామూలుగా చెప్పకూడదు, ఇక్కడి చట్టం అలాంటిది. సబ్జెక్ట్ గురించైతే చెప్పొచ్చు కదా, అది చెప్తా. వాళ్లు అడిగేదాంట్లో తప్పేం లేదు. ఫీజు కట్టేది వాళ్లు.

తమ్ముడు: మరి ఉద్యోగం?

అక్క: మైనర్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరురా. లీడర్‌షిప్ అనే కాదు, ఏ మైనరైనా అంతే. ఈ మాట ముందే చెప్పేస్తా. ఇది విన్నాక కూడా కావాలన్న పిల్లలతోనే తర్వాతి మాట.

తమ్ముడు: అంటే సగం మందిని నువ్వే తరిమేస్తున్నావన్నమాట.

అక్క: రెజ్యూమెలో ఒక లైను కోసం వచ్చేవాళ్లని, అవును. ఆ లైనుకి ఐదారు కోర్సులు ఎందుకు? ఏదో ఒక క్లబ్‌లో ట్రెజరర్‌గా చేరితే సరిపోతుంది.

తమ్ముడు: అసలు లీడర్‌షిప్‌ని క్లాసులో ఏం చెప్తారు? నాకైతే మా కాలేజీలో పెట్టిన సాఫ్ట్ స్కిల్స్ వర్క్‌షాపే గుర్తొస్తుంది. కోటు వేసుకుని ఒకాయన వచ్చాడు. ఐ కాంటాక్ట్, బాడీ లాంగ్వేజ్, షేక్‌హ్యాండ్ గట్టిగా ఇవ్వాలి. మధ్యాహ్నం సర్టిఫికెట్.

అక్క: అది శిక్షణ. పనికిరాదని అనను. నేను చెప్పేది చదువు. నిజమైన ఉదాహరణ తీసుకుందాం. వర్జీనియాలో రిచ్‌మండ్ యూనివర్సిటీ ఉంది. అక్కడే చదువుకున్న రాబర్ట్ జెప్సన్ అనే వ్యాపారవేత్త 1987లో 2 కోట్ల డాలర్లు ఇచ్చాడు. ఆ డబ్బుతో 1992లో జెప్సన్ స్కూల్ ఆఫ్ లీడర్‌షిప్ స్టడీస్ మొదలైంది. అండర్‌గ్రాడ్ స్థాయిలో లీడర్‌షిప్‌లో డిగ్రీ ఇవ్వడానికే పుట్టిన మొదటి స్కూల్ అది. మేజర్‌గానూ చేయొచ్చు, వేరే మేజర్ పక్కన మైనర్‌గానూ చేయొచ్చు.

తమ్ముడు: బిజినెస్ స్కూల్‌లో ఒక భాగమా?

అక్క: కాదు, అదే అందులో విశేషం. బిజినెస్ స్కూల్ వేరే ఉంది. ఇక్కడ పాఠం చెప్పేవాళ్లలో తత్వశాస్త్రం వాళ్లు, చరిత్ర వాళ్లు, సైకాలజీ వాళ్లు, ఎకనామిక్స్ వాళ్లు ఉంటారు. మొదటి మెట్టు కోర్సుల పేర్లు చూడు: లీడర్‌షిప్ అండ్ ది హ్యుమానిటీస్, లీడర్‌షిప్ అండ్ ది సోషల్ సైన్సెస్. తర్వాత జస్టిస్ అండ్ సివిల్ సొసైటీ అని ఒకటి. దాంట్లో క్లాసులో న్యాయం గురించి చదువుతూనే బయట ఊళ్లో ఏదో ఒక సేవాసంస్థలో పని చేయాలి. చివర్లో లీడర్‌షిప్ ఎథిక్స్. "నాయకుడివి అవడం ఎలా" అనే కోర్సు మాత్రం కనపడదు.

తమ్ముడు: మరి ఎథిక్స్ క్లాసులో ఏం మాట్లాడతారు? అబద్ధాలు చెప్పకూడదు అనా?

అక్క: హిట్లర్ లీడరా, కాదా?

తమ్ముడు: ...నన్నే అడుగుతున్నావా?

అక్క: చెప్పు.

తమ్ముడు: లీడరే కదా. చెడ్డ లీడర్. అంతమంది వెనకాల నడిచారు.

అక్క: జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ అని ఒక పొలిటికల్ సైంటిస్ట్. 1978లో ఆయన రాసినదాని మీదే ఈ సబ్జెక్ట్ చాలావరకు నిలబడింది. ఆయన లెక్కలో హిట్లర్ లీడర్ కాడు, అధికారం చలాయించిన నిరంకుశుడు మాత్రమే. అనుచరుల నిజమైన అవసరాలు తీరాలి, వాళ్లూ ఒక మెట్టు పైకి రావాలి, అప్పుడే ఆ మాట వాడాలంటాడు. "అదెలా కుదురుతుంది, మంచివాళ్లనే లీడర్లు అంటే చెడ్డ లీడర్లని చదివేదెవరు?" అని ఇంకొందరు. జెప్సన్‌లో ఎథిక్స్ చెప్పిన జోవాన్ సియుల్లా ఈ తగువుకి పేరే పెట్టింది, హిట్లర్ ప్రాబ్లమ్ అని. పిల్లలు దీని మీద గంటసేపు కొట్టుకుంటారు. కోడ్ రాసే పిల్లాడికి సరైన సమాధానం ఒకటే ఉండటం అలవాటు. ఇక్కడ ఉండదు. మొదటి పేపర్ మీద ఎర్ర సిరా చూసి నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా వాళ్లే.

తమ్ముడు: నేనైతే డ్రాప్ చేసేవాణ్ని.

అక్క: తెలుసు.

తమ్ముడు: (నవ్వు) సరే, ఇంకేం చదువుతారు?

అక్క: అన్నిటికంటే నాకిష్టమైనది మిల్‌గ్రమ్ అనే సైకాలజిస్ట్ చేసిన ప్రయోగం. యేల్ యూనివర్సిటీలో, 1961లో మొదలైంది.

తమ్ముడు: కరెంట్ షాకులు ఇచ్చేదేనా? యూట్యూబ్‌లో చూశా.

అక్క: అదే. జ్ఞాపకశక్తి మీద పరిశోధన అని చెప్పి మామూలు మనుషుల్ని పిలిచారు. పక్కగదిలో ఉన్నాయన తప్పు చెప్పినప్పుడల్లా స్విచ్ నొక్కాలి, ఒక్కో తప్పుకి వోల్టేజీ పెరుగుతుంది. పక్కగది ఆయనకి నిజంగా షాక్ తగలదు, నటిస్తున్నాడు. అది వీళ్లకి తెలీదు. ప్రయోగం నడిపే బూడిదరంగు కోటు ఆయన వెనక నుంచి "కొనసాగించండి" అంటుంటాడు. మొదట ప్రచురించిన ప్రయోగంలో 40 మందిలో 26 మంది చివరిదాకా, 450 వోల్టుల దాకా వెళ్లారు. యూట్యూబ్ వీడియోలన్నీ ఇక్కడితో ఆగిపోతాయి. మనుషులు ఇంతేనండీ అని.

తమ్ముడు: అవును, నేను చూసిందీ అంతే.

అక్క: మిల్‌గ్రమ్ దాన్ని రకరకాలుగా మార్చి చేశాడు. ఒకదాంట్లో ఈ మనిషి పక్కన ఇంకో ఇద్దర్ని కూర్చోబెట్టాడు. వాళ్లూ మిల్‌గ్రమ్ మనుషులే. మధ్యలో ఒకడు "నేనిక చేయను" అని లేచి పక్కకి వెళ్లి కూర్చుంటాడు. ఇంకాసేపటికి రెండోవాడూ లేస్తాడు. బూడిదరంగు కోటు ఆయన మాత్రం "మీరు కొనసాగించండి" అంటూనే ఉంటాడు. అప్పుడు చివరిదాకా వెళ్లింది 40 మందిలో నలుగురే.

తమ్ముడు: నలుగురా!

అక్క: నలుగురు. ఆ గదిలో లీడరెవరు, చెప్పు. పదవి ఉన్నది బూడిదరంగు కోటు ఆయనకి. లేచినవాడికి ఏ పదవీ లేదు. ఉపన్యాసం ఇవ్వలేదు. నువ్వూ ఆపేయ్ అని అడగనూ లేదు. ఈ ప్రయోగం మీద తర్వాత చాలా విమర్శలొచ్చాయి, మనుషుల్ని అలా మోసం చేయొచ్చా అని, రికార్డులు సరిగా ఉన్నాయా అని. అవి కూడా అదే క్లాసులో చదివిస్తారు. కానీ ఆ నలుగురి లెక్క విన్న పిల్లలు లీడర్ అంటే స్టేజీ మీద మైకు పట్టుకున్నవాడే అని మళ్లీ అనరు.

తమ్ముడు: మనవైపు ఇలాంటిదేమైనా ఉందా? పుస్తకాలన్నీ అమెరికావే కదా.

అక్క: నేనైతే దూబగుంట చెప్తా. జెప్సన్ స్కూల్ తలుపులు తెరిచింది 1992లో అన్నాను కదా. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది కూడా ఆ రోజుల్లోనే.

తమ్ముడు: రోశమ్మ గారు.

అక్క: దూబగుంట రోశమ్మ. అది ఎక్కణ్నుంచి మొదలైందో తెలుసా? రాత్రిబడి నుంచి. అక్షరాస్యత ఉద్యమంలో వయోజనులకి ఇచ్చిన వాచకంలో ఒక పాఠం ఉంది, ఊరి ఆడవాళ్లంతా కలిసి సారా దుకాణం మూయించడం గురించి. అది చదివి "మనమెందుకు చేయకూడదు?" అనుకున్నారు. కలెక్టర్ ఆర్డర్ లేదు, పార్టీ లేదు. పగలంతా పొలం పని చేసి వచ్చి, సాయంత్రం దీపం కింద అక్షరాలు దిద్దుకున్న మనుషులు. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించింది. తర్వాత ఎన్నికల్లో మద్యనిషేధమే పెద్ద హామీ అయింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. రెండేళ్లు దాటగానే, 1997లో ఎత్తేశారనుకో, అదీ పాఠమే. ఉద్యమం గెలిచాక ఆ గెలుపుని ఎవరు మోయాలి? ఖజానాకి వచ్చే ఆదాయం పోతే ఎవరు సర్దాలి? ఎకనామిక్స్ మేజర్ పిల్లాడు ఇక్కడ దూరాలి.

తమ్ముడు: అంటే మేజర్ పక్కన ఉంటేనే ఇది పనికొస్తుందంటావు.

అక్క: నా అభిప్రాయం అదే. ఒట్టి లీడర్‌షిప్ ఒక్కటే చదివితే చేతిలో పనిముట్టు లేకుండా మేస్త్రీ అయినట్టుంటుంది. సివిల్ ఇంజినీరింగ్ పిల్లకి కాంక్రీటు తెలిసుండాలి. ఆ కాంక్రీటు క్యూరింగ్ అవకుండానే పైఅంతస్తు వేయమని పైవాడు ఒత్తిడి పెడితే ఎలా కాదనాలో, ఎవర్ని కూడగట్టాలో, అదీ తెలిసుండాలి. మొదటిది రాకపోతే రెండోది ఒట్టి ధైర్యమే. జెప్సన్ వాళ్లు ఒప్పుకోరులే, అక్కడ మేజర్‌గానే చేసేవాళ్లు చాలామంది. వాళ్ల వాదన వాళ్లది.

తమ్ముడు: సరే, మన దగ్గరికొద్దాం. ఇది వినేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడ బీటెక్ చేసేవాళ్లే. మాకూ మైనర్లు ఉన్నాయి కదా.

అక్క: ఉన్నాయి, కానీ లెక్కలో తేడా ఉంది. అమెరికాలో డిగ్రీ అంటే సుమారు 120 క్రెడిట్లు. మేజర్ పోగా ఖాళీ ఎలెక్టివ్‌లు మిగులుతాయి, 15, 18 క్రెడిట్ల మైనర్ ఆ ఖాళీలో ఇరుక్కుంటుంది. మీ దగ్గర ఇంజినీరింగ్ చదువుల్ని నియంత్రించే ఏఐసీటీఈ లెక్క ప్రకారం బీటెక్‌కి 160 క్రెడిట్లు. మైనర్ కావాలంటే దానిపైన ఇంకో 18 నుంచి 20. అంటే అదనపు బరువు.

తమ్ముడు: సెమిస్టర్‌కి ఆరు సబ్జెక్టులు, మూడు ల్యాబులు, పైన ఇది. ఎక్కువమంది ఆ క్రెడిట్లు స్వయం, ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సుల వీడియోలతో కొట్టేస్తున్నారు.

అక్క: లీడర్‌షిప్‌ని అలా చదివితే సగం పోయినట్టే. హిట్లర్ లీడరా కాదా అని వీడియోతో ఎవరు కొట్టుకుంటారు? పైగా మీ మైనర్లలో ఎక్కువ ఏఐ, డేటా సైన్స్, రోబోటిక్స్ లాంటివే. దీనికి కాస్త దగ్గరగా ఉన్నది ఏఐసీటీఈ తెచ్చిన ఇన్నోవేషన్, ఆంత్రప్రెన్యూర్‌షిప్ అండ్ వెంచర్ డెవలప్‌మెంట్ మైనర్. అది కూడా కంపెనీ పెట్టడం వైపు మొగ్గుతుంది.

తమ్ముడు: మాకు మెఫా ఉందిగా, మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్.

అక్క: (నవ్వు) మెఫాలో నీకేం గుర్తుంది?

తమ్ముడు: బ్రేక్ ఈవెన్ పాయింట్. గ్రాఫ్ గీస్తే మార్కులు వస్తాయని.

అక్క: అదీ సంగతి. యూనివర్సల్ హ్యూమన్ వాల్యూస్ అని ఇంకోటి ఉంది, అది మంచి చేతుల్లో పడితే ఎథిక్స్ క్లాసు కాగలదు. చాలాచోట్ల పరీక్ష ముందురోజు జిరాక్స్ నోట్సే.

తమ్ముడు: మరి మైనర్ లేని కాలేజీలో ఉన్న పిల్లాడు ఏం చేయాలి?

అక్క: ఓపెన్ ఎలెక్టివ్‌లో ఆర్గనైజేషనల్ బిహేవియర్ ఇస్తే తీసుకోమంటా. సైకాలజీ, సోషియాలజీ దొరికితే ఇంకా మేలు. ఎన్‌ఎస్‌ఎస్‌లో, అంటే జాతీయ సేవా పథకంలో చేరినవాళ్లకి ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకి 240, పైన వారం రోజుల క్యాంపు. ఇక్కడ డాలర్లు కట్టి చేసే ఫీల్డ్‌వర్క్ మీకు ఉచితంగా ఉంది. క్యాంపులో ఏం జరిగిందో రాసుకోవాలి. ఫొటోలు కాదు. సర్పంచ్ మాట వినని వీధి టీకొట్టు ఆయన మాట ఎందుకు విన్నది, అలాంటివి.

తమ్ముడు: మా ఫైనలియర్ ప్రాజెక్ట్ కూడా రాసుకోవాల్సింది. పీపీటీ మీద నాలుగు పేర్లు, హాస్టల్ గదిలో రాత్రంతా పని చేసేది ఒకడు. వైవాలో మిగతా ముగ్గురూ నిలబడి తలూపడం.

అక్క: ఆ ఒక్కడు నువ్వా?

తమ్ముడు: తలూపినవాణ్ని.

అక్క: (నవ్వు) ఇక్కడ గ్రూప్ ప్రాజెక్టుల్లో చాలాచోట్ల ఒకరికొకరు మార్కులు వేసుకోవాలి, కారణం రాయాలి. మొదటిసారి అందరూ అందరికీ ఫుల్ మార్కులే. రెండోసారికి నిజాలు బయటికొస్తాయి. స్నేహాలూ చెడతాయి కొన్ని. ఆ గొడవ ఇరవై ఏళ్లప్పుడు పడటం నయం.

తమ్ముడు: నాకొక అభ్యంతరం ఉంది. ఇదంతా మాటలు, పేపర్లు. నేను ఎన్‌సీసీ చేశా, సీ సర్టిఫికెట్ ఉంది. వందమంది క్యాడెట్లకి టైముకి భోజనం అందేలా చూడటం, పొద్దున్నే లేపి ఫాలిన్ చేయించడం... అది లీడర్‌షిప్ కాదా? 2021లో యూజీసీ కూడా ఎన్‌సీసీని క్రెడిట్లిచ్చే ఎలెక్టివ్‌గా పెట్టమని యూనివర్సిటీలకి చెప్పింది.

అక్క: అది కమాండ్ రా. భుజం మీద ర్యాంకు ఉంది, చెప్తే వింటారు. ర్యాంకు తీసేస్తే వింటారా అన్నది నా ప్రశ్న.

తమ్ముడు: మా క్యాంపులో ఒకరోజు పప్పు అడుగంటింది. జూనియర్లు ప్లేట్లు పట్టుకుని లైన్లో అలా నిలబడిపోయారు, ఎవడూ పెట్టించుకోడు. మా సీనియర్ అండర్ ఆఫీసర్ గట్టిగా అరిచాడు, కదల్లేదు. ర్యాంకు లేని ఒక జూనియర్ వెళ్లి ముందుగా తన ప్లేటులో వేయించుకుని, కింద కూర్చుని తిన్నాడు. తర్వాత అందరూ తిన్నారు.

అక్క: అది ఏ పేపర్‌లోనైనా రాశావా?

తమ్ముడు: ఎవరడిగారు మమ్మల్ని?

అక్క: అదే తేడా. నా దగ్గరికొచ్చే పిల్లాడైతే వాణ్ని అడుగుతారు. వాడు ముందు తినడం వల్ల తిన్నారా, ఆకలేసి తిన్నారా, సీనియర్ అరిచిన అరుపుకే కాస్త ఆలస్యంగా తిన్నారా? అసలు మాడిన పప్పు తినేయడం మంచిదేనా, ఎవరో ఒకరు లేచి మెస్ వాళ్లని అడగాల్సిందా?

తమ్ముడు: అడగాల్సిందే. మర్నాడు కూడా అడుగంటింది.

అక్క: (నవ్వు) చూశావా!

తమ్ముడు: సరే అక్కా, నీకు అడ్వైజింగ్ టైమైంది, బయట పిల్లలున్నారంటున్నావు. వినేవాళ్ల ప్రశ్నల్లో మేజర్ మార్చుకోవడం గురించే ఎక్కువ వచ్చాయి, దానికి ఇంకోసారి కూర్చోవాలి.

అక్క: ఆదివారం పెట్టు. మీ రాత్రి తొమ్మిది తర్వాత, నాకు అప్పటికి కాఫీ అయిపోయుంటుంది.