ముల్లు పావు కిందికి దిగితే

వేదిక మీది పెద్దలకు, కిరాయిలు మానుకుని వచ్చిన డ్రైవర్ అన్నదమ్ములందరికీ నమస్కారం. మైలేజీ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. మైలేజీ సంగతి తర్వాత. ముందొకటి అడుగుతాను, నిజం చెప్పండి. ఈ పూట ట్యాంకు అడుగంటిందని చెప్పే రిజర్వ్ లైటు వెలుగుతుండగా వచ్చినవాళ్ళు చేతులెత్తండి.

చూశారా, సగం మంది!

నేనూ అలాగే నడిపాను. 2012లో విజయవాడలో ఒక ఓనర్ దగ్గర పెట్రోల్ కారు. పొద్దున్నే లెక్కపెట్టి 300 ఇచ్చేవాడు. నాలుగు లీటర్లు. పెట్రోల్ మీటరు ముల్లు ఎప్పుడూ అడుగునే. మే నెల మధ్యాహ్నం గుంటూరు నుంచి వస్తుంటే మంగళగిరి దాటగానే మిస్ కొట్టింది, పికప్ పోయింది, ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ కాదు. ఎక్కినవాళ్ళు ముసలి దంపతులు, ఆ ఎండలో రోడ్డు పక్కన నిలబడ్డారు.

మెకానిక్ వచ్చి వెనక సీటు ఎత్తి, మూత విప్పి ట్యాంకులోంచి ఇంజన్‌కి పెట్రోల్ పంపే మోటారు బయటికి తీశాడు. నా చేతిలో పెట్టాడు. చెయ్యి కాలింది. దాని కింది జాలీకి నల్లటి మడ్డి, కాటుక రాసినట్టు.

అప్పుడు తెలిసింది నాకు. పెట్రోల్‌ని ఇంజన్‌లోకి చిమ్మే ఇంజెక్షన్ బండిలో పెట్రోల్ మోటారు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. పెట్రోల్ అడుక్కి దిగితే మోటారు వేడెక్కుతుంది. మలుపులో, ఘాట్ రోడ్డులో ఉన్న కాస్తా ఒక పక్కకి పోతే గాలి పీలుస్తుంది. ఇంజన్‌కి అందాల్సినంత పెట్రోల్ అందదు.

ఆ మోటారు ఖరీదు 6,500. నా జీతం 7,000. ఓనర్ మూడు నెలలు జీతంలో కోశాడయ్యా! "నువ్వే సరిగా నడపలేదు" అన్నాడు. పెట్రోల్ కొట్టించాల్సింది ఎవరు? కోత ఎవరికి? ముందు వరసలో కూర్చున్న ఓనర్లను అడుగుతున్నాను. కోపం తెచ్చుకోకండి, జవాబు చెప్పండి.

డీజిల్ బండ్ల వాళ్ళు "మాకేంలే" అనుకోవద్దు. మీ ట్యాంకు పూర్తిగా అయిపోతే లైనులో ఎయిర్ పడుతుంది, అది తీసేదాకా బండి కదలదు. ఒకే గొట్టం నుంచి గట్టి ఒత్తిడితో అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ అందే కామన్ రైల్ బండ్లలో పెద్ద పంపుకి ఆయిలింగ్ చేసేది డీజిలే. అది లేకుండా తిరిగితే ఇనుము అరిగి, ఆ రజను ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఆ ఇంజెక్టర్లలోకి పోతుంది. ఆ బిల్లు ఎంతవుతుందో కట్టినవాళ్ళు ఇక్కడే ఉన్నారు.

ఇంకో మాట, నిల్వ గురించి. ఊళ్ళలో కిరాణా కొట్టు ముందు వేలాడే సీసా పెట్రోల్ పోయించకండి. ఎన్నాళ్ళది, ఏ డబ్బాలోది, ఎవరికి తెలుసు? ఇప్పుడు బంకు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది తేమను లాక్కుంటుంది. నీళ్ళు ఎక్కువైతే ఇథనాల్, నీళ్ళు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి చేరతాయి. మోటారు పీల్చేది అడుగునుంచే. 2020 లాక్‌డౌన్‌లో నెలల తరబడి నిలిపిన బండ్లు మా షెడ్డుకొచ్చాయి. కొన్నింటి ట్యాంకు మూత తీస్తే పెట్రోల్ వాసన కాదు, పాత వార్నిష్ వాసన.

నా మాట మళ్ళీ ముల్లు దగ్గరికే వస్తోంది, క్షమించండి. 40 చిన్న పుస్తకాలు తెచ్చాను. తాళం చేతులు మారినప్పుడు ముల్లు ఎక్కడుందో రాయండి, ఓనరూ డ్రైవరూ ఇద్దరూ సంతకం పెట్టండి. ముల్లు పావు కింద ఉండగా బండి ఇచ్చి మోటారు పోతే జీతంలో కోయనని ఓనర్లు ఈ రోజే మాటివ్వాలి. పుస్తకాలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. భోజనాలకి వెళ్ళేటప్పుడు తీసుకోండి.