సిమెంటు బస్తాకు ఎంత కార్బన్ డయాక్సైడ్?

అందరికీ నమస్కారం. కార్బన్ డయాక్సైడ్ అనగానే బొగ్గు, పెట్రోలు, డీజిలు గుర్తొస్తాయి. సున్నపురాయి ఎవరికీ తట్టదు. కానీ ప్రపంచం ఏటా గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటు తయారీదే. పల్నాడు, నల్లగొండ, కడప, తాండూరుల్లో ఫ్యాక్టరీలున్న మనమైనా ఈ లెక్క తెలుసుకోవాలి.

స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు తీసుకుని 900 డిగ్రీల దాకా కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. మిగతా 44 కిలోలూ కార్బన్ డయాక్సైడ్‌గా పొగగొట్టంలోంచి పోతాయి. ఇది రాయిలోంచే వస్తుంది కాబట్టి, బొగ్గు మానేసి సౌర విద్యుత్తుతో బట్టీ కాల్చినా ఆగదు. ఆ సున్నం 1450 డిగ్రీల దగ్గర మట్టిలోని సిలికాతో కలిసి క్లింకర్ అవుతుంది, అంటే పొడి చేస్తే సిమెంటయ్యే గట్టి ఉండలు. టన్ను క్లింకర్‌కు రాయి నుంచి అర టన్ను పైచిలుకు, ఇంధనం నుంచి ఇంకో 300 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఓపీసీలో, అంటే మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటులో, 95 శాతం క్లింకరే. అంటే 50 కిలోల బస్తాకు దాదాపు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్. అందులో కొంత వందల ఏళ్లు గాల్లోనే ఉండి, నేల నుంచి పైకి పోవాల్సిన వేడిని పట్టేస్తుంది. 1958లో హవాయిలోని మౌనా లోవాలో కొలతలు మొదలైనప్పుడు గాలిలో దాని పాలు పది లక్షలకు 315 వంతులు. ఇప్పుడు 420 దాటింది.

తగ్గించాలంటే ముందు క్లింకర్ తగ్గాలి. పీపీసీ అనే బూడిద కలిపిన సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా థర్మల్ కేంద్రాల బూడిద కలుపుతారు. ఆ బూడిద కూడా బొగ్గు కాల్చితేనే వస్తుందనుకోండి, అది వేరే చర్చ. 30 శాతం బూడిదున్న బస్తా అయితే 40 కిలోలు కాస్తా 28 దగ్గరికి దిగుతుంది.

మరి “పీపీసీ వీక్ సార్” అని మేస్త్రి ఎందుకంటాడు? సిమెంటు గట్టిపడేటప్పుడు విడుదలయ్యే సున్నంతో బూడిద నెమ్మదిగా కలుస్తుంది. మొదటి వారం బలం తక్కువే, ఆ తర్వాత అందుకుంటుంది. ఈలోపు తడి ఆరితే ఆ పని అక్కడితో ఆగిపోతుంది. అందుకే కాంక్రీటుకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీకి 10 రోజుల క్యూరింగ్ (తడి ఆరకుండా ఉంచడం) చెబుతుంది. మన ఎండల్లో అయితే ఓపీసీకి 10, పీపీసీకి 14 రోజులు. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపండి. ఓపీసీ లెక్కన తొందరపడి సెంట్రింగ్ విప్పనివ్వకండి.

అసలు నష్టం బకెట్ దగ్గరే జరుగుతుంది. ఇళ్ల స్లాబులకు వాడే ఎం20 రకం కాంక్రీటుకు బస్తాకు నీళ్లు 27 లీటర్లు మించకూడదు. మాల్ జారడం లేదని ఇంకో బకెట్ పోస్తారు, బలం పడిపోతుంది. దాన్ని సరిచేయడానికి ఇంకో బస్తా, అంటే ఇంకో 40 కిలోలు! జారుడు కావాలంటే నీళ్లు పెంచకుండానే మాల్‌ను జారేలా చేసే ప్లాస్టిసైజర్ అనే రసాయనం వాడండి. ఇసుక తడి కూడా చూసుకోండి: బస్తాకు పడే 75 కిలోల ఇసుకలో 5 శాతం తడి ఉందంటే, సుమారు 4 లీటర్లు ముందే చేరినట్టు. ఆ మేరకు 27లో తగ్గించి పోయండి.